పిన్ని మిషను

ఆయన్ని వీధంతా పెంగ్విన్ బాబాయ్ అంటుంది. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. మూడంతస్తుల భవనంలో మెట్ల కింద, నిటారుగా నిలబడితే నెత్తి బొప్పి కట్టే చోట ఆయన షాపు. చచ్చిన ల్యాప్‌టాప్‌లూ, చావుబతుకుల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లూ అక్కడికే వస్తాయి. షట్టరు మీద లినక్స్ అనే కంప్యూటర్ సిస్టానికి గుర్తయిన పెంగ్విన్‌ని ఆయనే స్వయంగా పెయింటుతో వేసుకున్నాడు. బొమ్మలు వెయ్యడం చేతకాదు గనక అది బాతులా వచ్చింది. తెలిసినవాళ్ళు పెద్దమనసుతో పెంగ్విన్ అన్నారు. తెలియనివాళ్ళు ఇక్కడ కోడిగుడ్లు అమ్ముతారేమోనని లోపలికి తొంగి చూసి పోయారు.

బాబాయ్‌కి ఒకటే పిచ్చి. ఎవరైనా పాత ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, "ఇది ఆన్ అయ్యేలోపు వంట చేసుకుని తినేయొచ్చండీ, పారెయ్యమంటారా?" అని అడిగితే చాలు, చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి కుర్చీ ముందుకు లాక్కుంటాడు. పారెయ్యాల్సింది మిషన్ని కాదని, దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టాన్ని అని మొదలుపెడతాడు. "ఇప్పుడు మీరు వాడుతున్నది అద్దెకొంప లాంటిదమ్మా. మేకు కొట్టాలన్నా ఓనరు ఒప్పుకోవాలి. లినక్స్ అలా కాదు. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని ఊరికే రాసి, ఊరికే ఇచ్చారు. ఇది సొంతిల్లు. గోడ నచ్చకపోతే పడగొట్టుకోవచ్చు." ఊరికే అనేసరికి జనానికి అనుమానం. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని వాళ్ళ గట్టి నమ్మకం. ఆ అనుమానాన్ని బాబాయ్ తన మీద పడ్డ నిందలా తీసుకుని ఇంకాస్త గొంతు పెంచేవాడు.

పక్క గదిలో జిరాక్సు మిషను నడిపే ఆవిడకి ఈ ఉపన్యాసం మొత్తం కంఠతా వచ్చు. వీధిలో అందరికీ ఆవిడ జిరాక్సు అక్క. "మీరు చెప్పడం పూర్తయ్యేలోపు ఆయన కొత్తది కొనుక్కుని వచ్చేస్తాడు బాబాయ్" అనేది. మరీ విసిగిస్తే అసలు చోట గిల్లేది. "ఊరందరి మిషన్లకీ ప్రాణం పోస్తారు గానీ, మీ ఇంట్లో పిన్ని మిషన్ని మాత్రం ముట్టుకోరే?"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గదమ్మా" అని నవ్వేసేవాడు బాబాయ్. నవ్వు వెనక కొంచెం మంట ఉండేది.

పిన్ని అంటే ఆయన భార్య. వాళ్ళ కాపురం అదే భవనంలో రెండో అంతస్తులో. పిల్లల్లేరు. ఒకప్పుడు పిన్ని ఎదురు వీధిలో ఉన్న ప్రెస్సులో కంపోజింగ్ చేసేది. పెళ్ళి కార్డులు, విజిటింగ్ కార్డులు, షాపుల రసీదులు, పోయినవాళ్ళ సంతాప కార్డులు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే అచ్చుకి వెళ్ళేవి. టైపు మిషను రోజుల్లో పని నేర్చుకుంది గనక కంప్యూటర్ వచ్చినా, ఆ తర్వాత ల్యాప్‌టాప్ వచ్చినా ఆవిడకి అది మిషనే. స్క్రీను చూసి అక్షరం వెతుక్కుని కొట్టేవాళ్ళని ఆవిడ మనుషుల్లో జమ కట్టేది కాదు. బాబాయ్ మొదటిసారి ఆ ప్రెస్సుకి వెళ్ళింది చెల్లెలి పెళ్ళి కార్డు వేయించడానికి. తేదీ ఒకటి, వారం ఇంకొకటి రాసుకొచ్చాడు. పిన్ని కాగితం చూసి, "పెళ్ళి మంగళవారమా, బుధవారమా? లేక రెండు రోజులూనా?" అని తలెత్తకుండా అడిగింది. అంత అవమానం జరిగాక ఆ మనిషిని పెళ్ళి చేసుకోక తప్పలేదని బాబాయ్ అందరికీ చెప్పేవాడు. వాళ్ళ పెళ్ళి కార్డు కూడా పిన్నే కంపోజ్ చేసుకుంది. దాంట్లో తప్పు దొరుకుతుందేమోనని ఆయన చాలాకాలం వెతికాడు. దొరకలేదు.

ప్రెస్సు మూతపడేటప్పుడు ఓనరుగారు ఆవిడ పని చేసే ల్యాప్‌టాప్‌ని ఆవిడకే ఇచ్చేశారు. ఆయన పోయి కూడా చాలాకాలమైంది.

ఆ తర్వాత పిన్నికి మరపు వచ్చింది. మొదట పొయ్యి ఆపడం మర్చిపోయింది. తర్వాత తన సొంత అక్క పేరు, మెట్లు దిగితే ఎటు తిరగాలో ఆ సంగతి, పొద్దున తిన్నామా లేదా అన్నది. నవ్వుతూ దాచుకునేది, దాచలేనప్పుడు ఏడ్చేది. డాక్టరు చాలా పరీక్షలు చేయించి, చివరికి ఒక్క మాట చెప్పాడు. "ఇది వెనక్కి వచ్చేది కాదండీ. ఆవిడకి ఇంకా చేతనవుతున్న పనులుంటే వాటిని మాత్రం ఆపనివ్వకండి."

చేతనవుతున్న పని ఒకటుంది. పొద్దున్నే పిన్ని జుట్టు ముడేసుకుని, చేతికి వాచీ పెట్టుకుని, ముందు గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మిషను తెరిచేది. ఆవిడ లెక్కలో ఆ మూల ఇంకా ప్రెస్సే. పేజీలు తయారుచేసే పాత ప్రోగ్రాం తెరుచుకోగానే వెన్ను నిటారుగా అయ్యేది. ఎప్పుడో జరిగిపోయిన పెళ్ళిళ్ళ కార్డులు, మూతపడ్డ షాపుల రసీదులు అక్షరం పొల్లు పోకుండా కొట్టేది. ఎక్కడ ఏ బొమ్మ ఉందో, దేన్ని నొక్కితే ఏది వస్తుందో, వేళ్ళకి తెలుసు. కొట్టడం అయ్యాక, "ఏమండీ, షాపుకి వెళ్తూ ఈ ప్రూఫు ఓనరుగారికి ఇచ్చి వెళ్ళండి" అనేది. బాబాయ్ సరేననేవాడు. అన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నా రెండు మాత్రం ఆవిడ దగ్గర నిలిచాయి. ఒకటి ఆ మిషను. రెండోది ఆ ఏమండీ. బాబాయ్ ఆ రెంటినీ పట్టుకుని బతుకుతున్నాడంటే అందులో అతిశయోక్తి లేదు.

ఆ మిషను ముసలిదైపోయింది. ఆన్ చేస్తే స్క్రీను మీద చక్రం తిరుగుతూనే ఉండేది. పిన్ని చేతులు బల్ల మీద పెట్టుకుని ఎదురుచూసేది. చూసి చూసి, తను ఎందుకు కూర్చుందో మర్చిపోయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు చిరాకొచ్చి మూత మీద అరచేత్తో కొట్టింది కూడా. అది చూసిన రోజు బాబాయ్‌కి ప్రాణం ఉసూరుమంది. ఊళ్ళో ప్రతి డొక్కు మిషన్నీ పరుగులు పెట్టించినవాడి ఇంట్లో పెళ్ళాం చక్రం చూస్తూ కూర్చోవడమా అనుకున్నాడు. ఎన్నిసార్లో అడిగాడు ఆవిడని. బాగున్న రోజుల్లో పిన్నిది ఒకటే జవాబు. "నా బల్ల మీద మీరు చెయ్యి పెట్టకండి." ఇప్పుడు అడిగినా ఆవిడకి అర్థం కాదు. అందుకని ఆయన అడగలేదు.

ఒక మధ్యాహ్నం పిన్ని కునుకు తీస్తుంటే ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టుకుని షాపుకి తెచ్చాడు. ముందు ఆవిడ ఫైళ్ళన్నీ జాగ్రత్తగా వేరే డిస్కులోకి కాపీ తీశాడు, సరిగ్గా వచ్చాయో లేదో రెండోసారి కూడా చూసుకున్నాడు. ఆ తర్వాత లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేశాడు.

"పిన్నికి చెప్పారా?" అని అడిగింది జిరాక్సు అక్క, గుమ్మంలో నిలబడి.

"లేచేసరికి గుర్రంలా పరిగెడుతుంది. అప్పుడు చెప్తాను."

"ఆవిడకి ఈమధ్య దిండు కవరు మార్చినా నిద్ర పట్టట్లేదన్నారు కదా బాబాయ్."

"దిండు వేరు, ఇది వేరు" అన్నాడు.

లినక్స్ మర్యాద గల సిస్టం. అడగకుండా ఏదీ చెయ్యదు. ఎక్కించే ముందు ఆగి, పాత సిస్టాన్ని పక్కన ఉండనివ్వాలా, లేకపోతే డిస్కంతా తుడిచెయ్యాలా అని అడుగుతుంది. ఈ ప్రశ్న దగ్గరికి రాగానే బాబాయ్ ప్రతి ఒక్కరికీ ఒకటే సలహా ఇచ్చేవాడు. "పక్కన ఉండనివ్వండి. కొత్తదానికి చెయ్యి అలవాటయ్యాక తీసేద్దాం." ఆరోజు తన భార్య మిషను ముందు కూర్చున్నప్పుడు ఆయనకి ఆ సలహా గుర్తురాలేదని కాదు. గుర్తొచ్చింది. డిస్కు చిన్నది, రెండూ పెడితే మళ్ళీ ఇరుకవుతుంది అనుకున్నాడు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి. ఆ పాత సిస్టమంటే ఆయనకి ఒళ్ళు మంట. జీవితమంతా దాన్ని తిట్టాడు. ఫైళ్ళు దాచాం కదా, చెత్తని కూడా ఎవరైనా దాచుకుంటారా అనుకున్నాడు. తుడిచెయ్యి అన్నాడు. తుడిచేసింది.

సాయంత్రం పిన్ని లేచి, మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద మిషను సిద్ధంగా ఉంది. మీట నొక్కీ నొక్కకముందే స్క్రీను వెలిగింది. బాబాయ్ పక్కన చేతులు కట్టుకుని, చిన్నపిల్లాడు ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు నిలబడ్డాడు.

పిన్ని స్క్రీను వైపు చూసింది. చెయ్యి ఎప్పుడూ వెళ్ళే మూలకి వెళ్ళింది. అక్కడేమీ లేదు. ఇంకోసారి వెళ్ళింది. తర్వాత కీబోర్డు మీద నాలుగు అక్షరాలు కొట్టింది. పడ్డవి ఆవిడ కొట్టినవి కావు. వేళ్ళు వెనక్కి తీసుకుని, వేడి గిన్నె ముట్టుకున్నట్టు ఒళ్ళో దాచుకుంది. మెల్లగా లేచి కుర్చీ వెనక్కి జరిపి, తలుపు దగ్గర పెట్టుకున్న చేతిసంచీ తెచ్చుకుని నిలబడింది.

"ఇది నా సీటు కాదండీ. ఎవరినో పెట్టుకున్నట్టున్నారు. నన్ను మాన్పించారా?"

బాబాయ్ కట్టుకున్న చేతులు విప్పి మిషన్ని ఆవిడ వైపు తిప్పాడు. "లేదు, లేదు. నీ మిషనే. నేనే కాస్త బాగుచేశాను. చూడు, ఎంత వేగంగా ఉందో."

"మీరెందుకు చేశారు? ప్రెస్సు మిషను మీరు ముట్టుకోవచ్చా? ఓనరుగారు ఏమనుకుంటారు?" ఆవిడ గొంతు పెంచలేదు. అంత మర్యాదగా మాట్లాడడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. "నేనేదో తప్పు కొట్టి ఉంటాను. ఏ కార్డులోనో తప్పు పోయి ఉంటుంది. చెప్పకుండా మాన్పించే మనిషి కాదు ఆయన."

జన్మలో తప్పు కొట్టని మనిషి, కొట్టని తప్పుకి కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది.

బాబాయ్ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. పాత సిస్టం మళ్ళీ ఎక్కిద్దామంటే మిషను అడుగున అతికించిన కాగితం మీద దాని లైసెన్సు నంబరు ఎప్పుడో అరిగిపోయింది. వేరే చోట నుంచి తెచ్చి ఎలాగో ఎక్కించినా, పేజీలు చేసే ఆ ప్రోగ్రాం లేదు. దాన్ని ప్రెస్సువాళ్ళు ఎప్పుడో వేయించారు, తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. ఏ మీట మీద ఏ అక్షరం ఉండాలన్నది కూడా ఆ కంపెనీ సొంత పద్ధతి, అది దాంతోనే పోయింది. దాచిన ఫైళ్ళు తెరిస్తే గజిబిజి గీతలు వచ్చాయి. ఒక్క ఫైలూ పోలేదు, ఒక్కటీ చదవడానికి రాదు. జిరాక్సు అక్క ఆరోజు ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. టీ తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది.

పిన్ని బల్ల దగ్గరికి వెళ్ళడం మానేసింది. పొద్దున్నే వాచీ పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. ఎందుకు కూర్చున్నావంటే, "ఓనరుగారు మెకానిక్‌ని పంపిస్తానన్నారు" అనేది. బాబాయ్ మిషను దగ్గరికి వెళ్ళబోతే ఊరుకునేది కాదు. "మీరు ముట్టుకోకండి. మీకు పుణ్యముంటుంది. మెకానిక్‌ని రానివ్వండి." అన్నం సగం కంచంలోనే వదిలేసేది. ఆ పని లేకపోయేసరికి రోజంతా ఆవిడ చేతులు చీర కొంగుని మడిచి విప్పి, మడిచి విప్పి చేస్తుండేవి.

అప్పుడు బాబాయ్‌కి తన సిస్టం మీదే ఆశ పుట్టింది. గోడ నచ్చకపోతే పడగొట్టుకోవచ్చని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పినవాడు, ఇప్పుడు పడగొట్టిన గోడనే మళ్ళీ కట్టాలి. లినక్స్‌లో అన్నీ మార్చుకోవచ్చు. తెర రంగు, బొమ్మల చోటు, ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలన్నది, అన్నీ. పాత మిషన్ని పోలిన మిషను తయారుచెయ్యొచ్చు. కాకపోతే ఆ పాత మిషను ఎలా ఉండేదో తెలిసింది ఒక్కరికే. అదీ ఆవిడ బుర్రకి కాదు, వేళ్ళకి. ఆ వేళ్ళని అడగాలి. మొగుణ్ణేమో ఆవిడ మిషను దగ్గరికి రానివ్వదు.

అందుకని ఒక పొద్దున బాబాయ్ షాపుకి వెళ్తున్నానని చెప్పి బయటికి వెళ్ళాడు. మెట్ల మీద ఆగి, సంచీలోంచి టోపీ తీసి పెట్టుకుని, పాత పని చొక్కా తొడుక్కుని, కళ్ళజోడు జేబులో దాచుకుని, వెనక్కి వచ్చి బెల్లు కొట్టాడు. పిన్ని తలుపు తీసింది.

"ఓనరుగారు పంపించారు మేడం. మిషను చూడమన్నారు."

ఎన్నో రోజుల తర్వాత పిన్ని మొహం విప్పారింది. "రండి, రండి మెకానిక్ గారూ. ఎప్పట్నించి ఎదురుచూస్తున్నానో. మా ఆయన ఏదో కెలికారండీ. మంచి మనిషే గానీ చెయ్యి ఊరుకోదు."

బాబాయ్ తలొంచుకుని, "చూస్తే తెలుస్తూనే ఉంది మేడం" అన్నాడు.

అలా మొదలైంది. రోజూ పొద్దున మొగుడు షాపుకి వెళ్ళేవాడు, మెకానిక్ వచ్చేవాడు. సాయంత్రం మెకానిక్ వెళ్ళిపోయేవాడు, మొగుడు ఇంటికొచ్చేవాడు. షాపు షట్టరు మీది బాతు మాత్రం రోజంతా కిందికి దిగే ఉండేది. వచ్చినవాళ్ళకి జిరాక్సు అక్క సర్దిచెప్పి పంపించేది.

మెకానిక్ ఒక కీబోర్డు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. దాని తీగ తన ల్యాప్‌టాప్‌కి కలిపి, స్క్రీను తన వైపు తిప్పుకున్నాడు. "నేను కార్డు చదువుతాను మేడం, మీరు కొట్టుకుంటూ పోండి. స్క్రీను కనబడదు, ఏమీ అనుకోకండి."

"స్క్రీను చూసి కొట్టేవాళ్ళు కంపోజిటర్లా?" అంది పిన్ని.

ఆయన పాత పెళ్ళి కార్డొకటి పట్టుకుని, పిల్లలకి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చదివేవాడు. ఆవిడ వేళ్ళు కదిలేవి. ఏ అక్షరానికి ఏ వేలు ఎటు వెళ్తోందో ఆయన స్క్రీను మీద చూసి, ఆ మీటకి ఆ అక్షరాన్ని కేటాయించేవాడు. ఒక ఒత్తు, ఒక గుణింతం, ఒక చుక్క. ఎన్ని కార్డులు మార్చినా, మధ్యలో తను ఎవరి పెళ్ళి గురించి కొడుతోందో మర్చిపోయినా, ఒకే అక్షరానికి ఆవిడ వేలు ఎప్పుడూ ఒకే చోటికి వెళ్ళింది. బుర్ర దారి తప్పుతున్న మనిషిలో వేళ్ళొక్కటే దారి తప్పలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చేతుల్ని అంత దగ్గర్నించి, అంతసేపు ఎప్పుడూ చూడలేదు బాబాయ్. చిటికెన వేలు కొద్దిగా వంకర అని కూడా ఆయనకి అప్పుడే తెలిసింది.

పని మధ్యలో పిన్ని కబుర్లు చెప్పేది. పరాయి మనిషితో కదా, మొగుడి దగ్గర ఎప్పుడూ అనని మాటలన్నీ అనేది.

"మా ఆయనది కూడా మీ పనేనండీ. కింద షాపుంది. షట్టరు మీద పెంగ్విన్ బొమ్మ వేశారు. అచ్చం బాతే. నేనేమీ అనలేదు. బాధపడతారు."

"బాతులానే ఉందా మేడం?"

"కాళ్ళు చూశారా దానికి?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కొంగు సర్దుకుని, "మాకు పిల్లల్లేరు. ఒక్కసారి కూడా నన్ను ఒక మాట అనలేదు. వాళ్ళవాళ్ళు అంటే గదిలోంచి లేచి వెళ్ళిపోయేవారు. నాకు తెలుసు గానీ, తెలిసినట్టు ఎప్పుడూ కనబడలేదు" అంది.

మెకానిక్ వంగి, బల్ల కింద లేని తీగేదో వెతుక్కున్నాడు. పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రాలు మొగుడికి మెకానిక్ ముచ్చట్లు చెప్పేది. "పనిమంతుడే గానీ నత్తనడక. మీకన్నా నయం లెండి, అడిగి మరీ ముట్టుకుంటాడు." బాబాయ్ హాయిగా నవ్వేవాడు. తన మీద తనే అసూయపడ్డానని జిరాక్సు అక్కతో చెప్పి ఆవిణ్ణి కూడా నవ్వించాడు. రెండు వేషాలూ తనవే కదా, ఆవిడ దేన్ని మెచ్చుకున్నా దేన్ని తిట్టినా ఇల్లు దాటి పోదనుకున్నాడు.

కానీ మనసులో చోటు తగ్గిపోతున్నవాళ్ళ దగ్గర ఒకే మనిషికి రెండు కుర్చీలు వెయ్యకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మెకానిక్ రోజంతా ఎదురుగా కూర్చునేవాడు. మొగుడు దీపాలు పెట్టే వేళకి వచ్చి, అన్నం తిని పడుకునేవాడు. ఒక సాయంత్రం టోపీ తీసి లోపలికొచ్చిన ఆయన్ని చూసి పిన్ని ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాత "వచ్చారా" అంది. ఏమండీ అనలేదు. బాబాయ్ గమనించాడు. అలసిపోయింది లెమ్మనుకున్నాడు. ఇంకో సాయంత్రం, "మెకానిక్ గారు ఇప్పుడే వెళ్ళారు, మీకు మెట్ల మీద ఎదురుపడ్డారా?" అని ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. ఆపెయ్యాలని ఆయనకి అప్పుడే తట్టింది. కానీ ఇంకొన్ని అక్షరాలే మిగిలాయి. అవి కూడా పట్టుకుంటే మిషను వచ్చేస్తుంది, మిషను వస్తే మనిషి కుదురుకుంటుంది, అప్పుడు ఈ టోపీ పారెయ్యొచ్చు అనుకున్నాడు. ఎన్నో డొక్కు మిషన్లని అలాగే, ఇంకొక్క స్క్రూ, ఇంకొక్క స్క్రూ అనుకుంటూ బతికించినవాడు.

మిషను తయారైంది. అదే నీలం రంగు తెర, అదే మూలలో అదే ఆకారంలో బొమ్మలు. ఊరికే దొరికే పేజీల ప్రోగ్రామొకటి తీసుకుని, దాని పైవరసలో ఉండే బొమ్మల పట్టీలన్నీ పిన్ని చెయ్యి వెళ్ళే చోట్లకి జరిపాడు. మెకానిక్ కుర్చీ వెనక్కి లాగి పట్టుకుని, "చూసుకోండి మేడం" అన్నాడు.

పిన్ని వాచీ సర్దుకుని కూర్చుంది. చెయ్యి మూలకి వెళ్ళింది. అక్కడ ఉండాల్సింది ఉంది. వెన్ను నిటారుగా అయింది. ఆ తర్వాత ఆ గదిలో, ఎన్నో రోజులుగా వినపడని చప్పుడు మొదలైంది. వాన మొదలైనట్టు మీటల చప్పుడు. బాబాయ్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. ఊరందరికీ చెప్పిన మాట నిజమేనని, ఇది సొంతిల్లేనని, కట్టుకోవచ్చని, ఆయనకి గుండె నిండిపోయింది.

"ప్రూఫు చూస్తారా?" అంది పిన్ని.

ఆయన వంగి చూశాడు. అది వాళ్ళ పెళ్ళి కార్డు. ఎదురుగా ఏ కాగితమూ లేదు. ఆవిడ నాన్న పేరు, ఆయన అమ్మ పేరు, తేదీ, వారం, వేదిక, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వరుడి పేరు ఉండాల్సిన చోట, వీధిలో ఎవరూ పిలవని ఆయన అసలు పేరు, నడి మధ్యలో, పెద్ద అక్షరాల్లో ఉంది. ఒక్క తప్పు లేదు.

"మంచి పేరు మేడం" అన్నాడు.

"మనిషీ మంచివాడే." పిన్ని వాచీ చూసుకుని లేచింది. "మా ఆయన వచ్చే వేళైంది. మీరిక బయల్దేరండి మెకానిక్ గారూ. మీ పని గురించి ఓనరుగారికి చెప్తాను. రేపట్నించి మీరు రావక్కర్లేదు కదా?"

"రావక్కర్లేదు మేడం."

ఆయన సామాను సర్దుకుని బయటికొచ్చాడు. మెట్ల మలుపులో నిలబడి టోపీ తీసి సంచీలో కుక్కాడు. ఇంకెప్పుడూ దాన్ని తియ్యక్కర్లేదని అనుకున్నాడు. పని చొక్కా విప్పి మంచి చొక్కా తొడుక్కున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆవిడకి ఇష్టమని జేబులో పెట్టుకున్న బిస్కెట్ల పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. పైకెళ్ళి బెల్లు కొట్టాడు.

పిన్ని తలుపు తీసింది. ఆవిడ మొహంలో ఎదురుచూసిన మనిషి వచ్చాడన్న వెలుగు ఉంది. ఆయన్ని చూడగానే అది మర్యాదగా తగ్గింది.

"ఏమైనా మర్చిపోయారా, మెకానిక్ గారూ?"

ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. బిస్కెట్ల పొట్లం కొంచెం ముందుకు చాపాడు. ఆవిడ దాన్ని చూడలేదు. ఆయన భుజం మీదుగా మెట్ల వైపు చూస్తోంది, కింద ఎవరైనా ఎక్కుతున్న అలికిడి వినపడుతుందేమోనని.

"నేను..." అని ఆగాడు. చెప్తే ఆవిడ భయపడుతుంది. ఇప్పుడే కుదురుకున్న మనిషి మళ్ళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. "స్క్రూడ్రైవర్ మేడం. బల్ల మీద వదిలేశాననుకుంటా."

పిన్ని లోపలికి వెళ్ళి, బల్ల మీదా కిందా ఓపిగ్గా వెతికి వచ్చింది. "కనబడలేదండీ. మా ఆయన రానివ్వండి, వెతికిస్తాను. ఎవరికీ కనబడనివి ఆయనకి దొరుకుతాయి."

"సరే మేడం."

పిన్ని తలుపు దగ్గరికి వేసింది. లోపల మళ్ళీ మీటల చప్పుడు మొదలైంది. బాబాయ్ గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చుని, బిస్కెట్ల పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఆవిడ గడియ వెయ్యలేదు. మొగుడు వచ్చే వేళైంది కదా.